కావాలని విడిచిన కన్నాలు

నడుముకి తోలుపట్టీ బిగించి
దాని చిల్లుల్లో కుడి సూది మొన గుచ్చి
కిటికీ పక్కన కూర్చున్నాను.
ఇదే పట్టీతో మా అమ్మ
వీపున పీట్ గంప మోస్తూ, నడుస్తూ అల్లేది.
నాకు కూర్చుంటే గానీ లెక్క నిలవదు.

బయట యెల్ జలసంధి మీద ఒకటే గాలి.
ఏడున్నర ఫెర్రీ రాలేదు.
రాలేదంటే మాగ్నీ అవతలి ఒడ్డునే ఉండిపోయాడని,
రాత్రికి మా చెల్లి ఫోన్ చేస్తుందని అర్థం.

థోరాకి పెళ్ళి.
అరవై రెండేళ్ళకి.
ఫెర్రీలో టికెట్లు చింపే మాగ్నీతో.
"నవ్వొస్తే నవ్వేయి ఓస్లా, దాచుకోకు" అంది.
నవ్వాను.
తర్వాత కొలతల టేపు తీశాను.

ఎడమ చెయ్యి పద్దెనిమిది అంగుళాలు.
కుడి చెయ్యి చాపలేదు.
ఆపరేషన్ అయిన చలికాలం నుంచి
ఆ చెయ్యి భుజం ఎత్తుకి వచ్చి ఆగిపోతుంది,
గేటు ముందు మొండికేసిన గొర్రెలాగా.
పై అరలోని టీ డబ్బా కిందికి దిగింది.
జడ పోయి పొట్టి జుట్టు వచ్చింది.
చొక్కాలన్నీ ముందు గుండీలవే.
తను చెప్పలేదు. నేను అడగలేదు.

పెళ్ళి గౌను బూడిద రంగు, చేతుల్లేనిది.
"చలేస్తుంది, పైకి ఏదన్నా అల్లు" అంది.
ఈ దీవిలో పుట్టి
జూన్ నెలలో చలేమిటే నీకు?
చంక కింద ఎక్కడిదాకా ఉందో ఆ మచ్చ
నాకూ తెలుసు.

ష్రగ్ అంటే ఏముంది,
రెండు చేతులు, మధ్యన కాస్త వీపు.
మెడ లేదు, ముందు భాగం లేదు,
సగంలో ఎవరో పిలిస్తే
లేచిపోయినవాళ్ళ స్వెటరు.
మణికట్టు దగ్గర మొదలుపెట్టి
వీపు దాటుకుని
ఇంకో మణికట్టు దగ్గర దిగాలి.

సూటిగా ఆరు.
దారం చుట్టు.
రెండు కలిపి ఒకటి.
చుట్టిన చోట కన్నం పడుతుంది,
కలిపిన చోట లెక్క తేరుతుంది.
చిన్నప్పుడు ఒక్క కుట్టు జారినా
అమ్మ మొత్తం ఊడదీయించేది.
ఇవి జారినవి కావమ్మా. లెక్కబెట్టుకో.

కుడి చేతికి కింద అతుకు వేయను.
మణికట్టు నుంచి చంక దాకా తెరిచే ఉంచుతాను.
రెండంచులకీ కన్నాలు, కన్నాల్లో రిబ్బన్.
బల్ల మీద పరిచి, చెయ్యి దాని మీద పెట్టి
బూటు లేసులాగా లాగితే చాలు.
ఎత్తక్కర్లేదు. దూర్చక్కర్లేదు.
ఎడమ చేతికి ఆ అవసరం లేదు.
అయినా దానికీ అదే పని,
లేకపోతే చూసినవాళ్ళు అడుగుతారు.

ఉన్ని తన పొట్టేలుదే.
కత్తెర పెట్టకుండా మెడ దగ్గర చేత్తో పీకింది,
ముదిరిన బెల్లప్పాకం రంగు.
లెర్విక్ దుకాణంలో శాటిన్ రిబ్బన్ చూశాను.
చేతిలో నిలవదు, చేపలా జారిపోయింది.

అందుకని దొంగతనం చేశాను.
గొర్రెల కొట్టంలో మేకులకి
థోరా గెలిచిన రోజెట్లు ఉన్నాయి,
ఎరుపు మొదటి బహుమతి, నీలం రెండోది.
ఒక్కోటి విప్పితే మూరెడు రిబ్బన్.
మూడుసార్లు ఇస్త్రీ పెట్టినా
మడతలు చావలేదు.

నిన్న వేసి చూశాం.
కుడి చేతి పొడవునా వేలు నడిపించుకుంటూ
ఒకచోట ఆగింది.
"ఇది తొంభై ఆరుది. అయోడిన్ మరక."
నేను సూదుల వంక చూస్తున్నాను.
"కుడి చేతికి అన్నీ ఎర్రవే పెట్టావు."
"నీలంవి ముందే అయిపోయాయి" అన్నాను.
అబద్ధం. ఎడమ చేతి నిండా నీలమే.

ముడి తను వేసుకోలేదు.
పంటితో లాగబోయి ఆగి,
"మాగ్నీ వేస్తాడులే, తాళ్ళు కట్టే మనిషి,
గాలికి ఊడదు, వేలితో లాగితే ఊడుతుంది"
అని, అన్నాక తనే ఎర్రబడింది.
ఈసారి ఇద్దరం నవ్వాం.

ఇంకా నాలుగు వరుసలున్నాయి.
ఒళ్ళో రోజెట్ల మధ్య అట్టబిళ్ళలు మిగిలాయి,
మొదటి, మొదటి, రెండో, మొదటి.
పారేయబుద్ధి కాదు.
దూరంగా నీళ్ళ మీద దీపం ఒకటి కదిలింది,
ఫెర్రీయో, చేపల పడవో.
సూటిగా ఆరు.
దారం చుట్టు.