రెండు గళ్ళ వెనక

మంగళవారం పదిన్నర. తుజ్లా ఆసుపత్రి, మూడో అంతస్తు.
లిఫ్టు ఉంది. నేను మెట్లెక్కుతాను.
ఆ తలుపు మూసుకునే చప్పుడుకీ నాకూ పాత పగ.

ఆయ్లా కుర్చీ జరిపి కూర్చోబెడుతుంది.
యుద్ధం ముగిశాక పుట్టిన పిల్ల.
"హసీబ్ గారూ, తెరమీద తొమ్మిది గళ్ళు.
నీలం చుక్క గడి మారుతూ ఉంటుంది.
రెండు చుక్కల కిందట ఎక్కడుందో
ఇప్పుడూ అక్కడే ఉంటే మీట నొక్కండి.
రెండే. అంతకు వెనక్కి పోవద్దు."

అంతకు వెనక్కి పోవద్దట!
అమ్మాయీ,
నా తల ముప్పై ఏళ్ళుగా అదే పని మీద ఉంది.
వెనక్కి బయల్దేరిందంటే
దారిలో ఏ స్టేషన్లోనూ ఆగదు.

నేను రైల్వేలో పాయింట్లు మార్చేవాణ్ణి.
ఏ బండి ఏ పట్టాల మీదికో,
డోబొయ్ నుంచి వచ్చే బొగ్గు వ్యాగన్లు ఎన్నో
కాగితం చూడకుండా చెప్పేవాణ్ణి.
ఇప్పుడు పొయ్యి మీద కాఫీ పెట్టి
హాల్లోకి వెళ్ళి, ఎందుకొచ్చానో తెలియక
గోడ గడియారాన్ని సర్ది వస్తాను.
ఈ ఏడాది మాడిన గిన్నెలు మూడు.
మెవ్లిదా ఏమీ అనదు. నాలుగోది కొంటుంది.
ఆ అనకపోవడం ఉందే,
అది గిన్నె కంటే ఎక్కువ మాడుతుంది.

కానీ ఆ రోజు గురించి అడగండి.
వంతెన దగ్గర ఆగిపోయిన బస్సు నంబరు,
దాని అద్దం మీద బురద ఎటు కారి ఎండిందో,
పక్కవాడి ఎడమ బూటు లేసు రంగు,
వాడు సగంలో వదిలేసిన మాట,
ఒక్కటీ పోలేదు.
పంచదార అన్న ఒక్క మాటకు చోటు లేని తలలో
ఆ మధ్యాహ్నం కాళ్ళు బారజాపుకుని పడుకుంది.

చుక్క. చుక్క. చుక్క.
నొక్కాను. తప్పు.
నొక్కలేదు. అదీ తప్పే.
వరండాలో ఎవరిదో ట్రాలీ గోడకు తగిలి ధడేలుమంది.
తర్వాతి పదకొండు చుక్కలు ఎక్కడ పొడిచాయో
దేవుడికి తెలియాలి.
నేను బల్ల కింద లేను, అంతే నా గెలుపు.
ఆయ్లా తప్పులు లెక్కపెట్టలేదు.
నోటుబుక్కులో "ట్రాలీ" అని రాసుకుంది.

మూడో వారం అడిగేశాను, కణత మీద వేలు పెట్టి:
"ఈ సంచీ పెద్దదైతే
అది కూడా ఇంకాస్త పెద్దదవుతుందా?"
పిల్ల అబద్ధం చెప్పలేదు.
విద్యుత్ కేంద్రం పొగగొట్టాల వైపు కాసేపు చూసి అంది:
"పెద్దది చెయ్యడం కాదు. మీ పాత ఉద్యోగమే అనుకుంటా.
బండిని ఆపలేం. ఏ పట్టాల మీదికి పంపాలో
అర క్షణం ముందు చెయ్యి లేవాలి.
మీకు పనిచేస్తుందో లేదో, తెలియదు."

ఆ తెలియదన్న మాట నాకు నచ్చింది.
తెలుసన్నవాళ్ళను చాలామందిని చూశాను,
కొందరు యూనిఫాంలో.

ఇంటి పని: పైకి చెప్పుకుంటూ చెయ్యడం.
"హసీబ్ పొయ్యి వెలిగించాడు. హసీబ్ ఇక్కడే ఉన్నాడు.
హసీబ్ నురగ చూస్తున్నాడు."
పక్క గదిలో మెవ్లిదా నవ్వును కొంగులో కుక్కుకుంటోంది, వినబడుతూనే ఉంది.
జేబులో చిన్న పుస్తకం, అందులో ఐదు సరుకులు.
కొట్టు గుమ్మంలో పుస్తకం మూసి
కిందినుంచి పైకి అప్పజెప్పాలి.
సబ్బు, ఆలుబుఖరా జామ్, ఉప్పు, ఈస్టు, బల్బు.
ఉప్పు గనుల మీద కట్టిన ఊళ్ళో
ఉప్పు మరిచిపోయే మనిషిని నేను.

నిన్న రెండు సరుకులు బుట్టలో పడ్డాయి.
వెనక ఎవరో డబ్బా జారవిడిచారు.
వంతెన వచ్చింది. బస్సు వచ్చింది. లేసు వచ్చింది.
నేను చెయ్యి లేపాను.
నిజంగానే లేపాను, కొట్టువాడు ఏం కావాలని అడిగాడు.
రెండు గళ్ళ వెనక ఏముంది? సబ్బు.
తర్వాత? ఆలుబుఖరా.
ఆ తర్వాత?
ఉప్పు, ఉప్పు.
బస్సు పోలేదు. ఇంజను ఆపకుండా
పక్క పట్టాల మీద నిలబడింది.

ఇంటికొచ్చాక సంచీ బోర్లించి
"ఈస్టేదయ్యా?" అని అరిచింది మెవ్లిదా.
ఎన్నేళ్ళకు అరిచిందో!
కాఫీ తాగకుండానే మళ్ళీ బయల్దేరాను,
దారంతా ఈస్టు, ఈస్టు అనుకుంటూ.