అర నూలు

ఇస్కపల్లి నుంచి ఒకామె
ఎరువుల సంచిలో కాలు తెచ్చింది.

మధ్యాన్నం రెండు. కరెంటు అప్పుడే వచ్చింది.
రొయ్యల గుంటల ఏరియేటర్ షాఫ్టులకి
మెరుగు పెడతా ఉండా.
ఉప్పునీళ్ళు తిన్న స్టీలు,
చేపపొలుసు మాదిరి పొక్కులు లేచి వస్తది.
ముందు ఎనభయ్యో నంబరు ఎమెరీ, తర్వాత నూటయాభై,
ఆ పైన గుడ్డచక్రం, పచ్చసబ్బు.
రోజుకి ముప్పై షాఫ్టులు.
సాయంత్రం చీదితే
కావలి ఆటోనగర్ మొత్తం
ముక్కులోనించి నల్లగా బయటికి వస్తది.

ఈ పని నేర్పింది జిలానీ భాయ్.
స్విచ్చి వేసే ముందు
మెళ్ళో తాయెత్తు తీసి మేకుకి తగిలించేవాడు.
"దేవుడు ఓర్చుకుంటాడు అబ్బయా, చక్రం ఓర్చుకోదు.
వేలాడే దారప్పోగు చాలు దానికి."
చక్రం నడుముకి కిందనే ఆనించు, అనేవాడు,
పైన ఆనిస్తే ఇంక ఆ వస్తువు నీది కాదు.
ఆయన ఎడంచేతికి చిటికెనవేలు లేదు.
దాని సంగతి మాత్రం ఎప్పుడూ చెప్పలా.
ఆయన పొయ్యి మూడేళ్ళు. మేకు అట్నే ఉండాది.

ఆమె సంచి విప్పి బల్ల మీద పెట్టింది.
మోకాలి కిందిది.
గోధుమరంగు ప్లాస్టిక్కు, అడుగున రబ్బరు పాదం,
పాదం వేళ్ళ సందుల్లో ఎండిన బురద.
"నెల్లూరు క్యాంపులో ఇచ్చారన్నా.
లోపలి అంచు కోస్తా ఉందంట.
మళ్ళా రమ్మనింది మూడు నెల్లకి.
అందాకా మా పోలయ్య గుంటల కాపలాకి
కుంటుకుంటా పోతా ఉండాడు."
కాలు ఎట్టా పోయిందమ్మా, అన్నా.
"పడవ ఫ్యాను తగిలి."

పడవ ఫ్యాన్ల రెక్కలు రుద్దేది కూడా
ఈ చక్రం మీదే.
నేనేం మాట్లాడలా.

ఇనుము పోట్లాడతది, అరుస్తది, రవ్వలు చిమ్మతది,
దాని కోపం ముందే తెలిసిపోతది.
ప్లాస్టిక్కు అట్టా కాదు.
నోరెత్తకుండా వేడెక్కి, ముద్దై,
చక్రానికి అంటుకోని, పనంతా పాడుచేస్తది.
దాని దగ్గిర తొందర చెల్లదు.

నా బొటనవేలికి గీతలు లేవు.
పద్దెనిమిదేళ్ళ ఎమెరీ తినేసింది.
బియ్యానికి పోతే ఆ పెట్టె మీద
తుడిచి ఒకసారి, ఉఫ్ అని ఊది ఒకసారి,
ఎన్నిసార్లు ఆనించినా ఎర్రలైటే.
వెనక లైన్లో సణుగుడు.
నేను నేనేనని
మా సుభాషిణి వేలు వచ్చి చెప్పాల.

ఆ బొటనవేలే అంచు లోపల పెట్టి
మెల్లంగా చుట్టూ తిప్పినా.
కంటికేం కనపళ్ళా.
వేలికి దొరికింది,
చీమతలంత మిట్ట, అర నూలు కూడా ఉండదు.
దాని మీద ఒక మనిషి
రాత్రంతా గట్ల మీద నడిచాడు.

పెద్ద మోటారు ఆపేసినా.
చిన్న మిషనుకి అరిగిన మెత్తచక్రం బిగించి
రెండు సెకన్లు ఆనించి, తీసి, బకెట్టు నీళ్ళలో.
మళ్ళా రెండు సెకన్లు. మళ్ళా నీళ్ళు.
తెల్లపొడి రాలతా ఉంటే ఆమె
చీర కుచ్చిళ్ళు పట్టుకోని
తన మోకాలు తడుముకుంటా నిలబడింది.
అద్దాల గదిలోనించి ఓనరు
షాఫ్టులు ఎన్నయినాయని వేళ్ళతో అడిగాడు.
చూడనట్టు ఉండిపోయినా.

స్టీలుకి మెరుగొస్తే నా మొహం దాంట్లో
పొడుగ్గా సాగి కనపడతది.
ఈ ప్లాస్టిక్కులో ఏమీ కనపళ్ళా.
చల్లగా, చేప పొట్ట మాదిరి నున్నగా, అంతే.
ఆమె కూడా వేలు పెట్టి చూసింది.
మళ్ళా చూసింది.

ఎంతియ్యాల, అనింది.
రేట్ల బోర్డు మీద కాళ్ళకి రేటు లేదు.
ఆమే సంచి అడుగునించి కవరు తీసి
బల్ల మీద పెట్టి బస్సుకి పోయింది.

ఆ రోజు అయింది ఇరవై ఆరు.
నాలుగు షాఫ్టుల కూలి పట్టుకున్నాడు ఓనరు.

రాత్రి సుభాషిణి నెత్తళ్ళు వేయిస్తా
"ఎవరిచ్చారివి, దేనికి?" అనింది.
కాలికి, అన్నా.
"కాలికా?" అని నా మొహంలోకి చూసి,
ఒకటి నోట్లో వేసుకోని,
ఉప్పు బో ఎక్కువయింది, అనింది.