పొల్లు పోకుండా

రాజోలు పోస్టాఫీసు వెనక రేకుల షెడ్డులో
ట్రెడిల్ మిషను పక్కన నిలబడి
ఎనిమిది నెలలు ఒక జనరల్ గారిని పేర్చాను,
ఈ వేళ్ళతో, ఒక్కో సీసం ముక్కా ఏరి.

కుజ్మా యెగోరొవిచ్ స్తుదెనికిన్.
సోవియట్ సైన్యం. నాలుగు గాయాలు, పదకొండు పతకాలు.
పుట్టింది పడవ నడిపేవాడి ఇంట్లో.
ఇంగ్లీషులోంచి దించింది ఈరంకి మేష్టారు.
డబ్బు పెట్టింది కొబ్బరికాయల కమిషను కొట్టు గవర్రాజు,
"పార్టీకి ఆ మాత్రం బాకీ ఉన్నాంలే" అని.

అక్షరాన్ని తలకిందులుగా చదవడం నా విద్య.
ఆయన చిన్నతనం నాకు అలాగే తెలుసు:
మంచులో ఇరుక్కున్న పడవ, తండ్రి తెడ్డు,
పదిహేడో ఏట తనకన్నా పొడుగు తుపాకి.

పదహారో పేజీకి పొల్లులు అయిపోయాయి.
మన మాట అచ్చుతో ఆగుతుంది,
వాకిట్లో నిలబడి రమ్మన్నట్టు.
వాళ్ళ మాట తలుపేసుకుంటుంది:
కిన్, విచ్, నోవ్, గ్రాద్.
పంటెక్కి నర్సాపురం మిషను ప్రెస్సుకెళ్ళి
నాలుగు వందల 'వ్'లు అప్పు తెచ్చాను, రుమాల్లో మూటకట్టి.
రేవులో టిక్కెట్ల మనిషి మూట ఎత్తి చూసి
"వలకి గుండ్లా?" అన్నాడు.
"రష్యా వాళ్ళ పేర్ల చివర్లు" అన్నాను.
చిల్లర ఇవ్వడం మర్చిపోయాడు.

కల్నల్ అయ్యాడు, ఒక్క వాక్యంలో.
పెళ్ళి, అర వాక్యం.
ఆ తర్వాత: "మూడేళ్ళు నేను వేరేచోట ఉన్నాను."
అంతే.
మేష్టారు దాని కింద పెన్సిలు గీత గీసి
బీడీ నోట్లో పెట్టుకుని
చాలాసేపు ముట్టించలేదు.

తొమ్మిదో అధ్యాయం, ద్నేపర్ నది దాటిన రాత్రి.
వెడల్పు ఏడు వందల మీటర్లని ఉంది.
"మన వశిష్ఠలో సగం లేదు" అన్నాడు గవర్రాజు, కాస్త గర్వంగా.
జనరల్ అయ్యేది ఆ నదికి అవతలి ఒడ్డునే.
ఆ సంగతి రాయకుండా
మునిగిపోయినవాళ్ళ పేర్లు రాశాడాయన,
నూట ముప్పై రెండు, తండ్రి పేరుతో సహా.
బతుకంతా కుదించినవాడు ఇక్కడ ఒక్కణ్ణీ వదల్లేదు.

"ఎవడు చదువుతాడు, తీసెయ్" అన్నాడు గవర్రాజు.
తెచ్చిన పొల్లులూ చాలవు.
'వు'లు, 'ను'లు మాత్రం కేసు నిండా ఉన్నాయి.
ఆ రాత్రి ఒక్కణ్ణే కూర్చుని కొమ్ములిచ్చాను:
సమోయ్లోవు. పఖోమవు. చిజోవు. రియాబినిను.
కొమ్ము తగిలేసరికి
పంటు దిగి ఇటే నడిచొస్తున్నట్టున్నారు,
లుంగీలు ఎగ్గట్టి.
మేష్టారు ప్రూఫు చూశారు. ఒక్కటీ దిద్దలేదు.

ఎనభై ఆరు, ఆగస్టు.
ఏటిగట్టు మీద ఊరంతా ఉంది,
తాటిదుంగలు, ఇసుక బస్తాలు, పెట్రొమాక్సు లైట్లు.
ఎవరెక్కడ నిలబడాలో గవర్రాజు అరుస్తున్నాడు,
గొంతు పోయినా అరుస్తున్నాడు.
నా పక్కన ఒక కుర్రాడు, పళ్ళు టకటకలాడుతున్నాయి.
జనరల్ గారు రాసిందే గుర్తొచ్చింది:
భయపడ్డవాడికి ధైర్యం చెప్పకు, బరువు అందించు.
బస్తా అందించాను. తీసుకున్నాడు. ఇంకోటి. తీసుకున్నాడు.

మేం కాసినచోట గట్టు నిలబడింది.
తెల్లారుజామున ఇంకోచోట తెగింది.

నీళ్ళు తీశాక షెడ్డులో మోకాలిలోతు ఒండ్రు.
అచ్చయిన ఫారాలు గోడలకి అంటుకుపోయాయి.
ఆయన ముసలితనం, తేనెటీగల పెట్టెలు,
భార్య పాతిన ఆపిల్ చెట్టు,
కట్టి ఉంచిన ఆఖరి పేజీలు చెదిరిపోయాయి.
మళ్ళీ పేర్చమని ఎవరూ అనలేదు.
నర్సాపురం బాకీ తీరలేదు.
ఆ చోట ఇప్పుడెవరో అరటి వేశారు.
గట్టి వాన పడ్డాక వెళ్తే
బోదెలో అప్పుడో 'వ్', అప్పుడో 'న్' దొరుకుతుంది.
కడిగి జేబులో వేసుకుంటాను.

బస్తాలందుకున్న కుర్రాడు
చీకట్లోనే, తెగినవైపు పరిగెత్తాడు.
పేరు అడగలేదు నేను.