ఆరో గ్లాసు

ఉదయగిరి కొండ మీద ఇంకా ఎండ పడలేదు.
బల్ల మీద ఆరు గాజు గ్లాసులు,
ఆరింట్లోనూ పాత రాగి గని గుంట నీళ్ళు.
ఎంత తేటగా ఉన్నాయంటే
గ్లాసు అవతల నా వేలిగీతలు లెక్కపెట్టొచ్చు.
నెమలి మెడ నీలం
ఒక్క చుక్క కలిపినట్టు.

ఈ తేట చూసే మోసపోయాయి
నరసింగులు మేకలు.
మూడు ఈతల మేక, దాని వెనకే రెండు పిల్లలు.
"బురద నీళ్ళయితే మూతి పెట్టేవి కావు మేడం"
అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు.
కర్ర భుజాన వేసుకుని
సంతకం యాడ పెట్టాలని అడిగాడు.

మా అవ్వ కుండ లోపల
ఇండుప గింజ అరగదీసేది.
వాగు కొత్తనీళ్ళు
తెల్లారేసరికి మన్నంతా అడుక్కి దించి
మా మొహాలు మాకు చూపించేవి.
తేటవే మంచినీళ్ళని
ఆ కుండ దగ్గరే నేర్చుకున్నా.
ఇక్కడికొచ్చి, తిరగేసి నేర్చుకున్నా.

కరెంటు పోయింది. కలిపే మిషను ఆగింది.
చాంద్‌బీ తన కూటిసంచిలోంచి
చెక్క గరిటె తీసింది,
వాళ్ళాయన చెక్కిందే.
ఒకటో గ్లాసుకి చిటికెడు సున్నం,
రెండోదానికి ఇంకాస్త.
"ఆకులోకి ఎక్కువైతే నోరు పొక్కుద్ది,
తక్కువైతే పండదు. ఇదీ అంతేనా?"
అంతే చాంద్‌బీ.

ఐదో గ్లాసు దాకా ఉత్త మసక.
ఆరోదాంట్లో
నీళ్ళు విరిగాయి.
పాలు విరిగినట్టే.
ఇన్నేళ్ళూ కంటికి ఆనని రాగి, ఇనుము
పాచిరంగులో, తుప్పురంగులో
ఒళ్ళు తెచ్చుకుని
ముద్దలు ముద్దలుగా దిగుతున్నాయి.
"అయ్యో, పాడుజేశామే!"
గరిటె పైకెత్తేసింది చాంద్‌బీ.

లేదు.
దాక్కున్నది బయటికొచ్చింది.
కనపడితేనే గదా
పట్టుకోగలిగేది.

గుంట నిండా ఇట్టా విరగాలంటే
ఎన్ని బస్తాలో రాసుకున్నా.
ఎన్ని తొట్లో రాసుకున్నా.
అడుగున మిగిలే మడ్డిని
ఎక్కడ దాచాలన్న చోట
కాగితం ఖాళీగానే ఉంది.
నల్లమబ్బు దిగితే అది మళ్ళీ వాగులోకే,
వాగు బొగ్గేటిలోకే.

చాంద్‌బీ గరిటె మూడుసార్లు కడిగింది.
వాసన చూసింది.
కూటిసంచి మూతి విప్పి, ఆగి,
మళ్ళీ ముడేసింది.
"ఇది ఇంక ఇక్కడిదే"
అని కిటికీ ఊచకి కట్టేసింది.

మధ్యాహ్నం అన్నంలోకి పప్పు
చేత్తోనే వేసింది నాకు.