ఎనిమిదో తరగతి కట్ట

గురువారం ఆఖరి గంట కొట్టగానే
‘టీచర్’ అనే మాటని స్టాఫ్‌రూమ్ కొక్కేనికి తగిలించి వస్తాను.
చీర మడతపెట్టి
తమ్ముడి పాత టీషర్టు తొడుక్కుంటాను.
దిద్దాల్సిన కట్ట మాత్రం వదలదు,
చంకన పిల్లాడిలా తనూ బయల్దేరుతుంది.

ఇదే కట్ట. అవును, నెలైంది.
మొదటి వారం వహీబా ఇసుకలో
లిస్సమ్మ కారు కడుపుదాకా దిగబడింది.
కెమిస్ట్రీ ఆవిడ కనక తను సూత్రాలు చెప్పింది,
జాగ్రఫీ దాన్ని కనక నేను దిక్కులు చెప్పాను.
మేకల్ని తోలుకెళ్తున్న ముసలామె
ముసుగులోంచి మమ్మల్ని ఓసారి చూసి,
నాలుగు టైర్లలోనూ సగం గాలి తీసేసి
చేత్తో ‘పొండి’ అంది.
ఫీజు: మా కారప్పూస పొట్లం.
అప్పట్నుంచీ ఏ పేపరు తిరగేసినా ఇసుక రాలుతుంది.

రోల్ నంబరు పద్నాలుగు మీద టీ మరక.
అది రాసల్ హద్‌లో
తాబేలు గుడ్లు పెడుతుంటే ఊపిరి బిగబట్టి చూస్తూ
ఫ్లాస్కు మూత మరిచిన రాత్రిది.
ఆ పిల్ల తల్లి అడిగితే ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు.

ఈ శుక్రవారం తీవీ ఊరు దాటి వెళ్దామనుకున్నాం.
పులిహోర డబ్బా, పుచ్చకాయ, కట్ట.
సూర్ మీద ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది,
కొండల వెనక మాత్రం
ఎవరో బీరువా జరుపుతున్న చప్పుడు.

మా కావలిలో వాది అంటే కోర్టు మెట్లెక్కినవాడు.
ఇక్కడి వాదీ అంతే,
ఏళ్లకేళ్లు రాళ్లు నోట్లో పెట్టుకుని ఊరుకుంటుంది,
ఒక్కరోజు కొండ దిగొచ్చి
తన వాదన మొత్తం వినిపిస్తుంది.

రోడ్డు పల్లంలోకి దిగేచోట
నీళ్ల లోతు చెప్పే ఎరుపూ తెలుపూ గీతల స్తంభం.
మూడేళ్లుగా దాన్ని చూసి నవ్వుకున్నాను,
నీళ్లే లేనిచోట స్కేలేమిటని.
ఇవాళ దాని మోకాళ్లదాకా,
కాదు, చూస్తుండగానే నడుందాకా
మట్టి నీళ్లు.
వేళ్లతో సహా ఓ ఖర్జూరం చెట్టు
బస్సు తప్పిపోతుందన్నట్టు పరుగెత్తింది.

ఇటు పదహారు బండ్లు ఆగాయి. అటు ఎన్నో.
లారీ నీడలో ఒక పఠాన్ స్టవ్ వెలిగించాడు.
నా తెలుగు విని జగిత్యాల మేస్త్రి దగ్గరకొచ్చాడు.
“గియి ఎప్పుడు తగ్గుతయో ఎవలకెర్క మేడమ్,
ఆకలైతే తినుర్రి.”
పులిహోర అందరికీ సరిపోలేదు. అందరూ తిన్నారు.

చేసేదేం లేక కట్ట విప్పాను,
బానెట్ మీదే.
రెండో ప్రశ్న: వాది అనగానేమి? రెండు మార్కులు.
పిల్లలంతా నేను చెప్పిందే నాకు అప్పజెప్పారు:
ఎండిన నది, ఎండిన నది, ఎండిన నది.
ముప్పైమూడు టిక్కులు పెట్టాను,
పక్కనున్న లిస్సమ్మ మాట
ఆ ఎండిన నది హోరులో వినపడకపోతుంటే.

ముప్పైనాలుగు ఫైజాన్.
వాళ్ల నాన్న కొండ ఊళ్లకి
తాగేనీళ్ల ట్యాంకరు నడుపుతాడు.
ఒకటే వాక్యం రాశాడు:
వాది అంటే మా నాన్న ఫోన్ కలవని చోటు.

పెన్ను అలవాటుగా ఇంటూ వైపు కదిలి
ఆగింది.
నా ఫోన్ తీసి చూశాను. ఒక్క గీతా లేదు.
తలెత్తితే, అవతలి గట్టున, మునిమాపు వెలుగులో
నీళ్లు దాటలేక ఆగిపోయిన నీళ్ల ట్యాంకరు.
నీలం రంగుది.
ఆయనే అయ్యుండాలని లేదు,
ఈ దేశంలో నీలం ట్యాంకర్లకేం కొదవ.
అయినా చెయ్యి ఊపాను, ఎర్ర పెన్నుతో సహా.
అటు హెడ్‌లైట్లు రెండుసార్లు ఆరి వెలిగాయి.
లేదా మధ్యలోంచి ఏదో కొమ్మ కొట్టుకుపోయిందేమో.

మార్కుల గడి ఖాళీగానే ఉంచాను.
ఆదివారం దాకా టైముంది.

రాత్రి పదకొండుకి స్తంభం పాదాలు బయటపడ్డాయి.
లుంగీ ఎగ్గట్టి మేస్త్రి ముందు నడిచాడు,
కాలితో రోడ్డు తడుముతూ.
వెనకాల మేము,
మొదటి గేరులో.