ఎనిమిదింబావు బస్సు

నేను చూసిన సినిమాలన్నీ
ఇంటర్వెల్ దగ్గరే అయిపోయినాయి.

ల్యాబులో ఆఖరి రక్తం సీసాకు పేరు రాసి
చేతులు కడుక్కునేసరికి ఆరు దాటుతుంది.
ఏడురోడ్ల దాకా నడక. ఫస్ట్ షో టికెట్టు.
ఎనిమిదింబావుకు సిద్ధవటం ఆఖరు బస్సు.
అది పోతే ఇంగ మా నాయన మొగం చూడాల.
ఏ విలన్ ముందైనా నిలబడొచ్చు గానీ
ఆ మొగం ముందు కాదు.

అందుకే తెర మీద ఎవరికో కత్తి తగిలి
లైట్లు వెలిగి, జనం సమోసాల కోసం లేస్తే
నేను చీకట్లో విడిచిన చెప్పుల కోసం
కాళ్లతో తడుముకుంటా.
"ఏంమే, మళ్లీ సగమేనా?" అంటాది షాహిదా.
దాని ఇల్లు నబీకోటలో. దానికేం,
లైట్‌బాయ్‌ల పేర్లు కూడా చదివి పోతాది.

మిగతా సగం బస్సులో నేనే తీస్తా.
కిటికీ పక్క సీటు, భాకరాపేట దాటితే చీకటి.
హీరోకు నెలజీతం ఉద్యోగం చూసిపెట్టినా.
వాళ్లమ్మకు షుగరు పరీక్ష చేయించినా,
తినకముందు, తిన్నాక, రెండూ.
కొట్టుకునేదానికి నాలుగు సుమోలొస్తే
మూడింటికి పంచరు చేస్తా.
మా పక్క సినిమా అంటే సుమోలే కదా,
మా పక్క నిజంగా తిరిగేది షేరాటోలు.

కండక్టరు పెంచలయ్య టికెట్లు ముగించుకోని
ముందు సీటుకు ఆనుకుంటాడు.
"ఈ పొద్దు ఎవరు గెలిచిరి పాపా?"
చెప్తా. చూసినట్టే చెప్తా.
డ్రైవరు కూడా మలుపుల్లో నిదానిస్తాడని
నాకు అనుమానం.

ఇంటర్వెల్ లేనిది ఒకటే చూసినా,
పెద్ద దర్గా ఉరుసులో ఖవ్వాలీ.
షాహిదా వాళ్లింట్లో పండుకుంటానని
అమ్మను ఒప్పిస్తే, అమ్మ నాయనను ఒప్పించింది.
హార్మోనియం ముందు ఒక పెద్దాయన
ఒకే ముక్కను పట్టుకోని
తడి తువ్వాలు పిండినట్టు పిండుతాన్నాడు.
అయిపోయిందనుకుంటే ఇంకో చుక్క.
నాకు ఉర్దూ అరకొర,
షాహిదా చెవిలో చెప్తాంది, చెప్తాంది...
రెండింటికి దాని భుజం మీదే నిద్రపోయినా.
లేచేసరికి చలి, అత్తరు వాసన,
ఎవరో చేతిలో పెట్టిన టీ,
ఒళ్లో నాలుగు గులాబీ రేకులు.
పాట ఎట్లా ముగిసిందని
ఇంతవరకు ఎవరినీ అడగలా.

మొన్న ఆదివారం గండికోట.
ఎక్స్‌రే ఓబుల్‌రెడ్డి వాళ్ల మామ జీపు,
డబ్బాలో పులిహోర, గొంతు పగిలిన స్పీకరు.
అందరూ లోయకు వీపు తిప్పి ఫోటోలు దిగుతాంటే
నేను కిందికి చూసినా.
ఎర్ర రాళ్ల నడుమ, కదలనట్టు, పచ్చగా పెన్న.
ఇది మా పెన్నేనా?
సిద్ధవటం కోట గోడ కింద
ఇసుకలో దారి మరిచిపోయి
బర్రెల మోకాళ్లు కూడా తడపని పెన్న
దీని సెకండాఫా?
మైలవరం డ్యాం దగ్గర ఇంటర్వెల్ ఇచ్చిందేమో.
అయితే పుట్టినప్పటి నుంచీ
ముందు కథ తెలియకుండానే
దాని వెనక సగంలో బట్టలు జాడిస్తాండానన్నమాట.
"జరుగుమే, అడ్డమొచ్చాండావు" అని
ఓబుల్‌రెడ్డి అరిస్తే, జరిగినా.

నిన్న పెంచలయ్య నా సీటు దగ్గర నిలబడిపోయినాడు.
సెలవు దొరికి, పెండ్లాన్ని తీసుకోని
ఆ సినిమాకు పోయినాడంట.
నా చెవులు వేడెక్కినాయి.
"నువ్వు చెప్పినట్టు ల్యా పాపా.
వాడు ఊరంతా నరికి, మేడల మీంచి ఎగిరి
మంచులో పాట పాడినాడు.
వాళ్లమ్మ సంగతే ఎత్తలా."
కొంచేపు చిల్లర ఎంచినాడు.
ఎంచిందే మళ్లీ ఎంచినాడు.
"నువ్వు చెప్పిందంతా ఇంట్లో చెప్పినాలే.
మా ఆడమనిషి అడగమనింది,
ఆయమ్మకు షుగరు తగ్గిందా అని."

ఏం చెప్పాల్నో తోచలా.
"తిన్నాక నూట అరవై" అన్నా.
"పరవాలేదు. పొద్దున్నే నడవమను."
ఆయప్ప తలూపి
ఏదో గుర్తొచ్చినట్టు బెల్లు కొట్టినాడు.

బస్సు ఆగింది.
మా ఊరు ఇంగా రెండు మైళ్లు ఉండాది.