ఒకటిన్నర ఊపు

ఎమ్లిన్ నా కారు వెనక మూల మీద
రెండు అరచేతులూ ఆనించి
ఒక్క నొక్కు నొక్కి వదిలాడు.
పైకి, కిందికి, మళ్ళీ పైకి, మళ్ళీ కిందికి,
ఇంకా ఏదో మిగిలిందన్నట్టు ఇంకోసారి.
"ఒకటిన్నర ఊపుకి ఆగాలి," అన్నాడు,
"నీది ఇంకా మాట్లాడుతూనే ఉంది."

రైయడర్ ఊరి చివర, ఉన్ని గోదాము పక్కన షెడ్డు.
బయట వాన. వేల్స్‌లో బయట అంటేనే వాన.
లిఫ్టు మీద ఇరవై ఆరేళ్ళ నా రెండు సీట్ల ఎర్ర బండి
కడుపు చూపించడానికి సిగ్గుపడుతోంది.
షాక్ అబ్జార్బర్ ఒళ్ళంతా జిడ్డు చెమట.
స్ప్రింగు అడుగు చుట్ట విరిగి
వేలెడంత ముక్క తన గిన్నెలోనే తుప్పుపట్టి పడుంది.
ఎన్నాళ్ళుగా కుంటుతోందో,
మోకాళ్ళు చూసి బతికే నాకే తెలియలేదు.

బల్ల మీద మూడు దారులు.
ఒకటి పసుపు రంగు సెట్టు:
బండిని ముప్ఫై మిల్లీమీటర్లు కిందికి దించుతుంది,
తలమీద మర, దానికి ముప్ఫై రెండు టిక్కులు.
డబ్బా మీద బొమ్మ చూస్తేనే నా వయసు పదేళ్ళు తగ్గింది.
రెండోది ఎవరో గుద్దేసిన బండిలోంచి ఊడదీసింది,
చవక. దాని గతం ఎవరూ అడగరు.
మూడోది బూడిద రంగు అట్టపెట్టె.
కంపెనీ ఎత్తే, కంపెనీ స్ప్రింగే,
డంపరు మాత్రం పిసరంత గట్టిది.
దాన్ని చూసి ఎవరికీ గుండె ఝల్లుమనదు.

నా వేలు పసుపు మీదికే పోయింది.

"ట్రాక్ మీదికి తీసుకెళ్తావా?"
"అప్పుడప్పుడూ."
"పోయినేడాది ఎన్నిసార్లు?"
అబద్ధం ఆడినా అతికినట్టుండాలి.
"ఒకసారి," అన్నాను.
ఆ రోజు వాన పడిందనీ, భోజనం వేళకే తిరిగొచ్చేశాననీ
అతను అడగలేదు, నేనే చెప్పాను.

ఇవి నేను అడిగే ప్రశ్నలు.
మార్చిలో ఇతనే నా బల్ల మీద పడుకుని,
కొత్త మోకాలు వంచమంటే కప్పు వంక చూస్తూ
"రోజూ నడుస్తున్నాను" అన్నాడు.
నొప్పి మెట్లు ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా?
రోజూ అంటే ఏ రోజు?
అవతలి కుర్చీ ఇంత ఇరుకుగా ఉంటుందనుకోలేదు.

"స్ప్రింగు బరువు మోస్తుంది, అంతే.
తిన్న దెబ్బ తిన్నట్టే తిరిగిచ్చేస్తుంది.
కాస్త ఆగవే అని దానికి చెప్పేది ఈ నూనె గొట్టం.
మరీ బిగించావో, గతుకు దగ్గర చక్రం నేలని వదిలేస్తుంది.
గాల్లో ఉన్న టైరు ఎంత ఖరీదైనదైతే ఏం,
మలుపు తిప్పుతుందా?
ఇంతకీ నువ్వు వెళ్ళే దారేది?"

చెప్పాను. ఎలాన్ లోయ మీదుగా.
గొర్రెలు దాటకుండా రోడ్డుకి అడ్డంగా పరిచిన
ఇనుప కమ్మీలు ఏడు చోట్ల,
తారు ఊడిన వంతెన ఒకటి,
శనివారాలు గుడ్లు పెట్టి అమ్మే గేటు ఒకటి.

"మరి ఆ దారికి కొనుక్కో."

బూడిద పెట్టె విప్పాడు.
పసుపు డబ్బాని పక్కకి జరిపినప్పుడు
ఇంకోసారి చూశాను, ఒప్పుకుంటున్నాను.

స్ప్రింగుని నొక్కిపట్టే బిగింపు తిప్పుతూ
నన్ను తలుపు దాకా వెనక్కి పొమ్మన్నాడు.
"ఇది జారితే మనకి షెడ్డు కప్పు ఉండదు."
తను మాత్రం మోకాలి మీద వంగాడు,
పూర్తిగా, తొంభై డిగ్రీలు దాటించి,
నేను చూస్తున్నానని తెలిసే.

శనివారం అదే దారి.
మొదటి కమ్మీల మీద టపటపలు చేతుల దాకా వచ్చాయి,
పళ్ళ దాకా రాలేదు.
వంతెన దగ్గర అలవాటుకొద్దీ దవడ బిగించాను.
బండి ఒకసారి లేచింది, సగం కూర్చుంది,
ఇక ఆ సంగతి ఎత్తలేదు.

పక్క సీట్లో ఆరు గుడ్లు.
ఇంటికొచ్చి చూస్తే ఒకటి పగిలింది.
ఎమ్లిన్‌కి ఇది చెప్పలేదు.
రిజర్వాయరు దాటాక వచ్చే ఆ ఎడమ మలుపులో నేను
ముప్ఫై రెండు టిక్కులూ ఉన్నవాడిలాగే తిప్పాను.